వంద ప్రశ్నలు బట్టీ పడితే ఫ్రంటెండ్ ఉద్యోగమా?

తిరుపతిలో ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఫ్రంటెండ్ (వెబ్‌సైట్‌లో యూజర్‌కి కనిపించే భాగం కట్టే పని) ఉద్యోగాల గురించి ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం: "హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ మీద టైమ్ వేస్ట్ చేయొద్దు, నేరుగా రియాక్ట్ పట్టండి. ఈ పీడీఎఫ్‌లోని వంద ప్రశ్నలు బట్టీ కొట్టండి. కోడ్ ఎలాగూ ఏఐ రాస్తుంది. ఇంగ్లిష్ దంచలేకపోతే మాత్రం బెంగళూరు బస్సు ఎక్కొద్దు."

మొదటి మాట చూద్దాం. రియాక్ట్ అంటే వెబ్ పేజీలు కట్టడానికి వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ. అందులో రాసినా చివరికి బ్రౌజర్ చూపించేది హెచ్‌టీఎంఎల్ (పేజీ నిర్మాణం), సీఎస్‌ఎస్ (దాని రూపం)లనే. "ఇక్కడ బటన్ వాడకుండా డివ్‌కి (మామూలు డబ్బా లాంటి ట్యాగ్) క్లిక్ ఎందుకు పెట్టారు?" అని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెబుతారు? బటన్ దగ్గరికి ట్యాబ్ కీతో చేరొచ్చు, ఎంటర్ కొడితే పనిచేస్తుంది, చూపు లేనివారికి పేజీ చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అనే చదువుతుంది. డివ్‌కి ఇవేవీ వాటంతట అవి రావు. ఫ్రెషర్‌ని తూచడానికి ఈ ఒక్క ప్రశ్న చాలు.

ఇక బట్టీ సంగతి. అసలు ఆ పీడీఎఫే పాతది. కాంపొనెంట్‌విల్‌మౌంట్ అనే పాత క్లాస్ పద్ధతి గురించి పేజీలకు పేజీలు ఉంది. ఆ క్లాసుల బదులు ఇప్పుడు వాడే హుక్స్ రియాక్ట్‌లో వచ్చింది 2019 ఫిబ్రవరిలో, 16.8 వెర్షన్‌తో. ప్రాజెక్టు మొదలుపెట్టడానికి ఆ పీడీఎఫ్ చెప్పే క్రియేట్ రియాక్ట్ యాప్ అనే టూల్‌ని కొత్త ప్రాజెక్టులకు వాడొద్దని రియాక్ట్ టీమే 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. సరే, ప్రశ్నలు కొత్తవే అనుకుందాం. జావాస్క్రిప్ట్‌లో వేరియబుల్‌ని వార్‌తో పెట్టి 0 నుంచి 2 దాకా లూప్ రాసి, లోపల సెట్‌టైమ్‌అవుట్‌తో (ఫంక్షన్‌ని కాసేపాగి నడిపించేది) ఆ వేరియబుల్‌ని ప్రింట్ చేయిస్తే ఏం వస్తుంది? 3, 3, 3. ఇది అందరూ చెప్పేస్తారు. వార్ బదులు లెట్ పెడితే 0, 1, 2. ఇదీ చెప్పేస్తారు. "లెట్ లేకుండా, వార్‌తోనే 0, 1, 2 రప్పించండి" అనగానే బట్టీ ఆగిపోతుంది. లూప్ మొత్తానికి వేరియబుల్ ఒక్కటేనని, ఫంక్షన్ పరిగెత్తేసరికి అది 3కి చేరిపోతుందని అర్థమైనవాళ్లు, ప్రతి చుట్టులో అప్పటి విలువను వేరే ఫంక్షన్‌కి పంపేసి పని కానిస్తారు.

మూడోది ఏఐ. కోడ్ రాస్తుంది, నిజమే. కొన్ని చోట్ల ఇంటర్వ్యూలోనే వాడనిస్తున్నారు కూడా. కానీ ఆ కోడ్‌కి జవాబు చెప్పాల్సింది మీరే. ఊరి పేరు వెతికే బాక్సు రాయమంటే ఏఐ చక్కగా డిబౌన్స్ (టైపింగ్ ఆగాకే రిక్వెస్టు పంపడం) కూడా పెట్టి ఇస్తుంది. యూజర్ "తిరు" కొట్టి, కాస్త ఆగి "తిరుచానూరు" పూర్తి చేశాడు. నెట్ స్లో. రెండో జవాబు ముందొచ్చి, మొదటిది ఆలస్యంగా వచ్చి దాని మీద కూర్చుంది. స్క్రీన్ మీద తిరుమల, తిరువణ్ణామలై అన్నీ ఉన్నాయి. డిబౌన్స్ ఉంది కదా, మరి ఎందుకిలా? డిబౌన్స్ రిక్వెస్టుల సంఖ్యను తగ్గిస్తుందే గానీ, జవాబులు వచ్చే వరుసను కాపాడదు. పాత రిక్వెస్టును అబార్ట్‌కంట్రోలర్ అనే బ్రౌజర్ సదుపాయంతో రద్దు చేయాలి, లేదా దాని జవాబును పక్కన పడేయాలి. అందరి రెజ్యూమేల్లో కనిపించే టు-డూ లిస్టు బదులు 300 రూపాయల దర్శనం టికెట్ ఫారం లాంటిది సొంతంగా కట్టి చూడండి. ఒకే ఫారంలో కుటుంబమంతటి వివరాలు, సగంలో పోయే నెట్, కంగారులో బటన్ రెండుసార్లు నొక్కే జనం: ఇలాంటి చిక్కులన్నీ అందులో ఎదురవుతాయి.

ఇంగ్లిష్ మాటలో మాత్రం సగం నిజముంది. ఆలోచన పైకి చెప్పగలగాలి. అయితే దంచక్కర్లేదు, "ముందు నెట్‌వర్క్ ట్యాబ్ (బ్రౌజర్‌లో రిక్వెస్టులు కనిపించే చోటు) చూస్తాను" అనే పాటి చిన్న వాక్యాలు చాలు. పైగా మొదటి రౌండ్లు చాలావరకు ఆన్‌లైన్‌లోనే, బస్సు ఎక్కే పనే లేదు. రూమ్మేట్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మీ ప్రాజెక్టులో ఒక ఫైల్ తెరిచి, ప్రతి లైనూ ఎందుకు రాశారో ఇంగ్లిష్‌లో చెప్పండి. తడబడిన చోట అదే తెలుగులో చెప్పి చూడండి. అప్పుడూ తడబడితే అడ్డం ఇంగ్లిష్ కాదు.