వెయ్యి వాట్ల దీపం కింద చీకటి

మొక్కల కోసమని అమ్మే దీపం, దాని పెట్టె మీద బంగారు రంగు అక్షరాల్లో ‘1000 వాట్స్’ అని ఉంది. కింద ‘ఫుల్ స్పెక్ట్రమ్’, దాని కింద ‘నాసా టెక్నాలజీ’, ఆ పక్కన నిగనిగలాడే టమాటాల గుత్తి. ఇంట్లో ఉన్నది టమాటా కాదు, రెండడుగుల గాజు తొట్టెలో ఒక పిచ్చర్ ప్లాంట్, అంటే ఆకు కొసన కూజాలు వచ్చే మొక్క. అయినా వెయ్యి వాట్లంటే మాటలా! పెట్టె విప్పితే దీపం అరచేతిలో ఇమిడింది. దాంతోపాటు ఒక నల్ల అడాప్టర్ వచ్చింది, వైఫై రౌటర్‌కి ఇచ్చేది ఎంత ఉంటుందో అంతే. దాన్ని తిరగేస్తే, కళ్ళజోడు పెట్టుకుంటే గానీ కనపడని అక్షరాల్లో అసలు సంగతి: అవుట్‌పుట్ 12 వోల్టులు, 2 ఆంపియర్లు. హైస్కూలు పిల్లాణ్ణి పిలిచి గుణించమంటే 24 అంటాడు.

అంటే 24 వాట్లు లోపలికెళ్ళి వెయ్యి వాట్లై బయటికొస్తున్నాయన్నమాట. ఇంతటి ఆవిష్కరణను కోకోపీట్ ఇటుకల పక్కన పెట్టి అమ్ముకోవడం దేశానికి తీరని నష్టం. ఈ లెక్కన రామగుండం ఎన్టీపీసీలో 2,600 మెగావాట్ల కోసం అంత బొగ్గు తగలెయ్యక్కర్లేదు. ఒక 63 మెగావాట్లు పుట్టించి ఈ దీపం చేసినాయన చేతిలో పెడితే మిగతాది ఆయన చూసుకుంటాడు. సింగరేణి కార్మికులందరికీ జీతంతో సెలవు. శ్రీశైలంలో ఎవరి వాటా నీటితో ఎవరు కరెంటు తీశారన్న పంచాయితీ ఉండదు. రెండు రాష్ట్రాల మధ్య విద్యుత్ బకాయిల తగాదా కూడా, అటు నాలుగు పెట్టెలు ఇటు నాలుగు పెట్టెలు పంపితే తీరిపోతుంది. సంబంధిత మంత్రులు ఈ దీపం మీద వెంటనే ఒక ఉన్నతస్థాయి కమిటీ వేయాలని సవినయంగా మనవి.

అడిగితే అమ్మినవాడు కంగారు పడడు. “వెయ్యి వాట్లంటే వాడుకునేది కాదు సార్, ఈక్వివలెంట్” అంటాడు. దేనికి ఈక్వివలెంట్? పాత సోడియం దీపానికట. ఏ సోడియం దీపానికి, ఎవరు పోల్చారు, ఎక్కడ పోల్చారు? అది చెప్పడు. ఇడ్లీ పెట్టి ‘బిర్యానీ ఈక్వివలెంట్’ అని బిల్లు వేసే హోటల్‌ని మనం మర్నాడు ఉండనిస్తామా? వాట్ అనేది దీపం తాగే కరెంటుకు కొలత. అది ఎంత వెలుగిస్తుందో ఆ అంకె చెప్పదు. నిజం వాట్లు రాసినా మొక్కకి సగం సమాచారమే, అబద్ధం వాట్లు రాస్తే ఆ సగం కూడా పోయింది.

ఇక రంగు. స్విచ్ వేస్తే ఊదా. ఎందుకు ఊదా అంటే దానికో శాస్త్రం ఉంది. పత్రహరితం నీలాన్నీ ఎరుపునీ పీల్చుకుంటుంది, పచ్చను వెనక్కి పంపుతుంది, అందుకే ఆకు పచ్చగా కనిపిస్తుంది, కాబట్టి పచ్చ వెలుగు దండగ. ఇంటర్ బోటనీ పాఠం సగంలో క్లాసు ఎగ్గొట్టినవాడి శాస్త్రం ఇది. మిగతా సగంలో ఏముందంటే, మీద పడిన పచ్చ వెలుగులో ఎక్కువ భాగాన్ని ఆకు తనే ఉంచుకుంటుంది, కొంతే తిప్పి పంపుతుంది. నీలం, ఎరుపు పై పొరల్లోనే ఖర్చయిపోతే పచ్చ లోపలి పొరల దాకా దిగుతుంది. మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త 22 రకాల పంట మొక్కల మీద ఒక్కో రంగునూ విడివిడిగా పరీక్షించి, పచ్చ వెలుగుకూ ఆకు బాగానే పనిచేస్తుందని 1972లోనే అచ్చేశాడు. ఇక ఆ నాసా సంగతి. 2014లో అంతరిక్ష కేంద్రానికి వాళ్ళు పంపిన ‘వెజ్జీ’ అనే కూరల పెట్టెలో ఎరుపు, నీలంతో పాటు పచ్చ ఎల్‌ఈడీలు కూడా ఉన్నాయి. ఊదాలో పాలకూరని చూస్తే ఎవరికైనా ఆకలి చచ్చిపోతుంది మరి. నాసా వాడే పచ్చ దీపం నాసా పేరుతో అమ్మే పెట్టెలో లేకపోవడం ఏ టెక్నాలజీయో వాళ్ళే చెప్పాలి.

పగలు ఈ ఊదాతో పెద్ద గొడవ లేదు. కథంతా చీకటి పడ్డాకే. ఒక అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, సాఫ్ట్‌వేర్ కుర్రాడు. హాల్లో కిటికీ పక్కన తొట్టె పెట్టి దీపం వేశాడు. కిటికీ మొత్తం ఊదాగా మండుతోంది. కింద ఆడుకునే పిల్లలు డీజే అనుకుని గెంతారు. ఎదురు బ్లాకు రిటైర్డ్ ఇంజనీరు గారు బార్ తెరిచారని తేల్చారు. ఆ తర్వాత అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పడింది. దాని కింద రెండు గుడ్ మార్నింగ్ గులాబీలు, ఒక పుట్టినరోజు కేకు, ఆ వెంటనే ఎవరో: ‘గంజాయి ఇలాగే పెంచుతారట, యూట్యూబ్‌లో చూశాను.’ ఇక ఆగుతుందా!

సెక్రటరీ గారు, ట్రెజరర్ గారు, ఏ గొడవలోనైనా ముందుండే ఒక ఆంటీ, టార్చిలైటుతో వాచ్‌మన్. బృందం లిఫ్ట్ ఎక్కింది. వాచ్‌మన్ లిఫ్ట్‌లోనే వాంగ్మూలం ఇచ్చేశాడు: “రాత్రంతా గదే లైటు సార్. నేనైతే గా దిక్కు చూస్తనే లేను.” తలుపు తీసిన కుర్రాడి ముఖం సగం ఊదా. లోపల అడుగుపెట్టగానే ఆంటీ గారి పసుపు చీర ఎర్రగా మారిపోయింది. ఆవిడ ఒకసారి బయటికెళ్ళి చూసుకుని మళ్ళీ లోపలికి వచ్చారు.

“ఏం మొక్క బాబూ ఇది?” అన్నారు సెక్రటరీ గారు.

“పురుగుల్ని తినే మొక్క అంకుల్.”

ఎవరూ మాట్లాడలేదు. గంజాయి అయితే పోలీసులకు ఫోన్ చేయొచ్చు. పురుగుల్ని తినే మొక్క గురించి బైలాస్‌లో ఏ క్లాజూ లేదు.

“అంటే నాన్‌వెజ్జా?” అన్నారు ఆంటీ. ఓనర్ వెజిటేరియన్లకే అద్దెకిస్తానన్న ఫ్లాట్ అది. ఈ మొక్కల్లో ఆంపులేరియా అని ఒకటుంది, పైనుంచి రాలిన ఆకుల్ని కూజాలో పట్టుకుని దాంతో పొట్ట పోసుకుంటుంది. ఆ సంగతి తెలిసుంటే కుర్రాడికి అక్కరకొచ్చేది.

“దోమల్ని తింటుందా?”

“తింటుంది అంకుల్, కూజాలొస్తే.”

“ఏవీ కూజాలు?”

“ఇంకా రాలేదంకుల్. వస్తాయి. లైటు వెయ్యి వాట్లు.”

అప్పటిదాకా గోడకానుకుని నిలబడ్డ ట్రెజరర్ గారు ఉలిక్కిపడ్డారు. వెయ్యి వాట్లు! రోజుకి పన్నెండు గంటలు! జనరేటర్ మీద కూడానా? అందుకేనా పోయిన నెల కామన్ మీటర్ బిల్లు అంతొచ్చింది? పెట్టె మీది మాటను అక్షరం పొల్లుపోకుండా నమ్మిన మనిషి ఈ భూమ్మీద కొన్నవాడి తర్వాత ఆయనొక్కరే. కుర్రాడి పరిస్థితి చూడండి. వెయ్యి అని నిలబడితే పెనాల్టీ, 24 అని ఒప్పుకుంటే పరువు. చివరికి అడాప్టర్ ఊడబీకి, తిరగేసి, ఫోన్ టార్చి వేసి, తాను మోసపోయానని నలుగురు సాక్షుల ముందు నిరూపించుకున్నాడు. బృందం సంతృప్తిగా వెళ్ళిపోయింది. పోతూ పోతూ కర్టెన్ వేసుకోమని చెప్పింది.

ఆ హడావిడిలో మొక్క వైపు ఎవరూ సరిగా చూడలేదు. చూసినా ఏమీ తెలిసేది కాదు. ఊదా వెలుగులో పచ్చటి ఆకు నల్లగా కనిపిస్తుంది. పసుపెక్కిందా, మచ్చలొచ్చాయా, కొస ఎండుతోందా, ఏదీ అర్థం కాదు. రోగి ముఖం కనపడకుండా చేసే దీపాన్ని ఆసుపత్రిలో ఎవరూ పెట్టరు. మొక్కకి మాత్రం అదే ‘స్పెషల్’.

ఇంతకీ ఆ తొట్టెకి కావలసిన దీపం వీధి చివర ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది. రెండడుగుల తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు, పెట్టె మీద 6500 కెల్విన్ అనో కూల్ డేలైట్ అనో ఉంటుంది. 10 వాట్లవి రెండో మూడో పక్కపక్కన బిగిస్తే చాలు. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నీలం ఎల్‌ఈడీయే. దాని మీద పూసిన పొడి ఆ నీలంలో కొంత భాగాన్ని మిగతా రంగులుగా మారుస్తుంది. ఆ నీలం ఎల్‌ఈడీని కనిపెట్టిన ముగ్గురికి 2014లో నోబెల్ ఇచ్చారు. నోబెల్ అందుకున్న సరుకు మీద నోబెల్ అని ఎవరూ రాయరు, అట్ట పెట్టెలో ఊరికే పడుంటుంది.

అంకెల దగ్గర కాస్త ఓపిక పట్టాలి. ల్యూమెన్లు మన కంటి కోసం వేసిన లెక్క, మన కన్ను పసుపు కలిసిన పచ్చకి ఎక్కువ స్పందిస్తుంది కాబట్టి దానికి ఎక్కువ మార్కులు వేస్తుంది. మొక్క లెక్క వేరు: చదరపు మీటరు మీద సెకనుకి ఎన్ని మైక్రోమోల్స్ కాంతి కణాలు పడ్డాయన్నది. దాన్నే పీపీఎఫ్‌డీ అంటున్నారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో అది 2000 దాకా పోతుంది. తొట్టెలో పెంచే నెపెంథిస్‌కి, అంటే ఈ పిచ్చర్ ప్లాంట్ల జాతికి, ఆకు దగ్గర 100 నుంచి 200 మధ్య, రోజుకి 12 గంటలు అందితే చాలావాటికి సరిపోతుంది. మీటరు లేదా? ఫోన్‌లో వెలుగు కొలిచే లక్స్ యాప్ వేసుకుని ఆకు మీద పెట్టి చూడండి. తెల్ల ఎల్‌ఈడీ కింద 10,000 లక్స్ అంటే సుమారు 140 మైక్రోమోల్స్. ఫోన్ కచ్చితంగా చెప్పదు, కానీ పెట్టె కంటే నిజాయితీగా చెబుతుంది. తక్కువైతే దీపాన్ని దించండి, ఆకు ఎర్రబడి కమిలిపోతుంటే ఎత్తండి. దీపాన్ని తొట్టె లోపల పెట్టకండి, మూత పైన పెట్టండి. మన ఎండాకాలంలో మూసిన గాజు తొట్టె అసలే ఉడుకుతుంటుంది.

తెలివైన అమ్మకందార్లు ఇప్పుడు వాట్లు వదిలేసి పీపీఎఫ్‌డీ రాయడం మొదలుపెట్టారు. ‘పీపీఎఫ్‌డీ 1500!’ ఎంత దూరంలో? రాయరు. మీటరుని దీపానికి ఆనించి కొలిస్తే ఏ అంకైనా వస్తుంది.

నాకు ఒళ్ళు మండేది ఆ తర్వాత జరిగే దానికి. ఈ మొక్కకి ఆకు చివర సన్నటి తీగ సాగుతుంది, తీగ కొసన చిన్న మొగ్గ. అది మెల్లగా లావెక్కి, ఒక రోజు మూత విడిపోయి కూజా అవుతుంది. అంచు చుట్టూ నున్నటి చారలు, లోపల రసం. వెలుగు చాలకపోతే ఆ మొగ్గ వరిగింజంత దగ్గరే ఆగిపోయి, గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే రాలిపోతుంది. తేమ తక్కువైనా ఇదే జరుగుతుంది, కానీ మూసిన తొట్టెలో తేమకి కరువుండదు. కొత్త ఆకులు పొడుగ్గా, మెత్తగా వాలిపోతుంటాయి. అప్పుడు కొన్నవాడు అమ్మినవాడికి మెసేజ్ పెడతాడు. వచ్చే సలహా ఏమిటి? “కుండీలో ఎరువు వెయ్యండి సార్.” నేలలో సారం లేకే పురుగుల్ని పట్టడం నేర్చిన మొక్క వేర్లకి ఎరువు! ఆ వేర్లు మాడాక, “మీకు 2000 వాట్ల మోడల్ కావాలి సార్.” అదీ అయ్యాక, “ఇది సెన్సిటివ్ సార్, మన దేశం వాతావరణానికి పడదు.”

మన దేశం వాతావరణానికి పడదా? నెపెంథిస్ ఖాసియానా పుట్టిందే మేఘాలయలో. గారో, ఖాసీ, జైంతియా కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. దక్షిణ గారో కొండల్లో బాగ్‌మారా దగ్గర దీని కోసమే ఒక అభయారణ్యం ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొక్కల కోసం షెడ్యూల్ పెట్టినప్పుడు అందులో ఆరంటే ఆరే పేర్లు రాశారు. ఒకటి మన శేషాచలం కొండల సైకస్ బెడ్డోమీ, ఇంకొకటి ఈ ఖాసియానా. అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారం మీద ఉన్న సైటిస్ ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి జాబితాలోనూ ఉంది. బొగ్గు తవ్వకాలు, పోడు, వాటికి తోడు అడవిలోంచి పెళ్ళగించుకుపోయేవాళ్ళు, అన్నీ దాని మీదే. బోర్నియోలో కెలామ్ కొండ మీద మాత్రమే ఉండే క్లిపియాటా అనే ఇంకో నెపెంథిస్‌ని సేకరణదార్లు ఎగబడి తవ్వుకుపోయి అంతరించే అంచుకి తెచ్చారు. ఒక మొక్క చస్తే ఇంకొకటి, అది చస్తే మరొకటి అని అమ్ముకునేవాడికి, ఆ ఇంకొకటి ఎక్కణ్ణుంచి వస్తోందో అడిగే దిక్కు లేదు. టిష్యూ కల్చర్‌లో పెంచిన వెంట్రాటా లాంటి హైబ్రిడ్లు మామూలు ధరకే దొరుకుతాయి. అయినా ‘రేర్’ అన్న మాట కనిపిస్తే మన చెయ్యి ఆగదు. తెచ్చి ఏం చేస్తాం? ఆకలితో మాడ్చి చంపుతాం, అదీ మొక్కల కోసమని డబ్బిచ్చి కొన్న దీపం కింద. ఎవడి సొమ్మని? అబద్ధం రాసినవాడి మీద కేసు లేదు, ఫైన్ లేదు, ఆ పెట్టె మర్నాడు అదే ధరకి అదే చోట ఉంటుంది.

పైగా ఈ మొక్క ఓపిక అమ్మినవాడికి కలిసొస్తుంది. పాత ఆకుల మీద బతుకుతూ చావడానికి నెలలు తీసుకుంటుంది. వాపసు గడువు ఏడు రోజులు. అది దాటాక మొక్కకి ఏమైనా అడిగేవాడు లేడు. రివ్యూలేమో డెలివరీ రోజునే పడిపోతాయి. ఆ వెయ్యి వాట్ల దీపానికి అన్నిటికంటే పైన, ఐదు నక్షత్రాలతో మెరిసే రివ్యూ ఇది: ‘సూపర్ ప్రొడక్ట్. ప్యాకింగ్ చాలా బాగుంది. మొక్క వచ్చే నెల కొంటాను.’