బడి మూతపడ్డాక ఎవరి పని ఆగింది?

"టీచర్లకేం, ఇంట్లో కూర్చుని జీతం తీసుకున్నారు." కరోనా రోజుల మాట వస్తే ఇప్పటికీ వినిపించే దెప్పుడు ఇది. బడిలో పనిచేసేవాళ్లంతా ఒకటే అనుకోవడంతో వచ్చిన చిక్కు. జీతం ఆగనివాళ్లను ఇంట్లో కూర్చోనివ్వలేదు. ఇంట్లో కూర్చోబెట్టినవాళ్లకు జీతమే ఇవ్వలేదు.

2020 మేలో మద్యం దుకాణాలు తెరవగానే విశాఖ జిల్లాలో కొందరు ప్రభుత్వ టీచర్లకు అక్కడి క్యూలు చూసుకునే డ్యూటీ వేశారు. ఆ క్యూలో తమ దగ్గర చదువుకున్నవాళ్లే ఎదురైతే ఆ సార్లకు ఎలా ఉండి ఉంటుంది!

తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. పాఠం టీవీలో ఎవరో చెబుతారు. పిల్లలు చూశారో లేదో కనుక్కోవడం టీచర్ వంతు. ఇంటికి ఒకటే ఫోను, అది నాన్న జేబులో, నాన్నేమో పత్తి చేలో. రిజిస్టర్‌లో పేర్ల పక్కన 'ఎత్తలేదు', 'స్విచాఫ్', 'కరెంటు లేదట' అని రాసుకుంటూ పోతే పొద్దుగూకేది. అది చదువు చెప్పడం కాదు, కాల్ సెంటర్ పని.

ఎన్నికల డ్యూటీలైతే ప్రాణాల మీదికే తెచ్చాయి. 2021 జనవరిలో టీకాలు మొదలైనప్పుడు తొలి వరసలో వైద్య సిబ్బంది, పోలీసులు, పారిశుద్ధ్య కార్మికులు ఉన్నారు, టీచర్లు లేరు. ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్ పంచాయతీ ఎన్నికల తర్వాత టీచర్లు, సిబ్బంది కలిపి 1,621 మంది చనిపోయారని ఉపాధ్యాయ సంఘం జాబితా ఇచ్చింది. ప్రభుత్వం మొదట ముగ్గురే అంది. డ్యూటీకి బయల్దేరి తిరిగి ఇల్లు చేరేలోపు పోతేనే లెక్కట! విమర్శలు వచ్చాక ఆ గడువును 30 రోజులకు మార్చారు.

ఇంతా చేస్తే వీళ్లు నెల జీతం ఉన్నవాళ్లు. ప్రైవేటు బడుల్లో ఫీజులు రాలేదని యాజమాన్యాలు జీతాల్లో కోత పెట్టాయి, చాలాచోట్ల పూర్తిగా ఆపేశాయి. ఎంఏ, బీఈడీ చదివినవాళ్లు ఉపాధి హామీ పనికి పోయారు, కూరగాయల బండి పెట్టుకున్నారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామంది. మంచి పనే, కాదనను. కానీ అప్పటికి ఏడాది దాటిపోయింది. అదీ గుర్తింపు ఉన్న బడులవాళ్లకే.

ఇక ఊడ్చేవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. తెలంగాణ సర్కారు బడుల్లో తక్కువ డబ్బుకి గదులు ఊడ్చి, మరుగుదొడ్లు కడిగిన స్కావెంజర్లను బడులు తెరిచాక మళ్లీ తీసుకోలేదు. ఆ పని గ్రామపంచాయతీలకు అప్పగించారు. పంచాయతీ మనిషి ఊరి మోరీలు తీశాకే బడి వైపు రావాల్సి వచ్చేది. రాని రోజున చీపురు పట్టింది టీచర్లే. గదులు శుభ్రంగా ఉంచాలని కొవిడ్ నిబంధనల్లో ఉండేది. ఊడ్చే మనిషి మాత్రం లేకపోయింది.