వేపచెట్టు మీద కౌమార దశ

ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో ‘కౌమార దశ’ అనే పాఠం ఉన్నదని మా పాఠశాలలో అందరికీ తెలుసు. దానిని ఎవరైనా బోధిస్తుండగా చూసినవారు మాత్రం లేరు. విజయనగరం జిల్లాలో చీపురుపల్లి వైపున్న మా ఉన్నత పాఠశాలలో, ఆ పాఠం దగ్గరకు రాగానే “ఇది తేలికే, ఇంటి దగ్గర చదువుకోండి” అని పుట తిప్పేయడం ఆనవాయితీ. పుస్తకం అట్ట కూడా నలగనివ్వని విద్యార్థులు సైతం ఆ ఒక్క పాఠాన్ని ఉపాధ్యాయుల ఆజ్ఞ మేరకు శ్రద్ధగా చదువుకునేవారు.

ప్రభుత్వం మాత్రం పట్టు విడువలేదు. 1980లో జనాభా విద్య అన్నది, 2005లో కౌమార విద్యా కార్యక్రమం అన్నది. ఈ రెండవదానిలోని బొమ్మలు, మాటలు పిల్లలకు తగవని 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు దానిని వద్దన్నాయి. తర్వాత 2014లో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. 2020లో బడికి ఇద్దరేసి ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులను చేశారు. 2021లో మన రాష్ట్రంలో ‘స్వేచ్ఛ’ పేరిట ఏడో తరగతి నుంచి ఇంటర్ వరకు బాలికలకు నెలకు 10 శానిటరీ న్యాప్‌కిన్లు ఇవ్వసాగారు. పేరు మారినప్పుడల్లా ప్రధానోపాధ్యాయుల వారి బీరువాలో ఒక కొత్త ఫైలు చేరేది.

ఈసారి ఫైలుతో పని జరగలేదు. సభ జరిపి తీరాలన్నారు. ప్రధానోపాధ్యాయుల వారు దానిని యుద్ధరహస్యంలా నిర్వహించారు. బాలికలనందరినీ పెద్ద గదిలో కూర్చోబెట్టి, కిటికీలు మూయించి, అటెండరును గుమ్మంలో నిలబెట్టి, “ఏమి జరిగినా తలుపు తీయవద్దు” అని ఆజ్ఞాపించి, తాను మండల కేంద్రంలో సమావేశానికి వెళ్లిపోయారు. మగపిల్లల భారం వహించిన రాయబారి “శుభ్రంగా ఉండండి, పెద్దల మాట వినండి” అని చెప్పి, వారిని కబడ్డీకి తోలి తన బాధ్యత ముగించారు.

ఫ్యాన్ల మోతలో మాట వినబడదని, బాలికలకు కౌమార దశ గురించి చెప్పడానికి వచ్చిన నర్సమ్మ గారి చేతికి మైకు ఇచ్చారు. ఆ మైకుసెట్టు కుర్రవాడు ఉదయం ప్రార్థన కోసం వేపచెట్టుకు ఊరివైపు కట్టిన హారన్ తీగను ఊడదీయలేదు. కిటికీలన్నీ బిగించి ఉండటం వల్ల, బయట ఏమి మోగుతున్నదో లోపలివారికి తెలియలేదు. గుమ్మంలోని అటెండరుకు మొదటి మాట నుంచీ తెలుసు. కానీ ఏమి జరిగినా తలుపు తీయవద్దన్నారు కదా.

రజస్వల కావడం జబ్బూ కాదు, మైలా కాదు అన్న వాక్యంతో రచ్చబండ మీద చతుర్ముఖ పారాయణం ఆగింది. లేచి వెళ్తే విన్నట్టు, కూర్చుంటే వింటున్నట్టు; అందుచేత పెద్దమనుషులందరూ పేకముక్కల్లోకి తలలు దించుకుని అరగంటసేపు ఒక్క ముక్క కూడా వేయకుండా ఆడారు. వారానికొకసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదని చెప్పినప్పుడు, టీకొట్టు యజమాని ఒక్కడే బాహాటంగా స్పందించాడు: “నర్సమ్మకి నా కొట్టు మీదేటి కోపం?”

మైదానంలో కూతకు వెళ్లినవాడు కూత మరిచి నిలబడ్డాడు. స్వరపేటిక పెరిగి స్వరతంత్రులు సాగడం వల్లనే ఈ వయసులో మగపిల్లల గొంతు బొంగురు పోతుందని వినగానే, గొంతు జీరబోతున్నదని ప్రార్థన బృందం నుంచి తొలగించిన తొమ్మిదో తరగతి కుర్రవాడు రాయబారి వైపు తిరిగి చూసిన చూపును వర్ణించడం నా తరం కాదు.

అంతలో ఒక ముసలమ్మ వచ్చి కిటికీ రెక్క దబదబ బాదింది. ఆజ్ఞలో కిటికీ మాట లేదు గనుక అటెండరు అడ్డు చెప్పలేదు. “చిమ్మిలి పెట్టొద్దంతన్నావేటమ్మా?” అన్నది ఆవిడ. నువ్వులు, బెల్లం మంచివే, పెట్టుకోమన్నాననీ, పిల్లను రోజుల తరబడి మూల కూర్చోబెట్టి బడి మాన్పించవద్దని మాత్రమే అన్నాననీ నర్సమ్మ గారు, ఈవిడ ఎలా విన్నదా అని విస్తుపోతూనే, సమాధానమిచ్చారు. అయితే ముట్టయినప్పుడు ఊరగాయ జాడీ తాకితే బూజు పడుతుందంటారే అన్నది రెండో ప్రశ్న. బూజు పట్టేది తడి చేతికీ, తక్కువ నూనెకూ తప్ప ముట్టుకు కాదని నర్సమ్మ గారు చెప్పిన జవాబు కూడా మైకులోనే వెళ్లింది. ముసలమ్మ కొంతసేపు ఆలోచించి, “అయితే మాయత్త అన్నేళ్లూ నన్ను ఊరకనే జాడీ ముట్టనివ్వనేదన్నమాట!” అన్నది. ఇదీ ఊరంతా విన్నది. ఆ సాయంత్రం ఎన్ని ఇళ్లలో అత్తలను ఈ జాడీ సంగతి నిలదీశారో లెక్క లేదు.

మోటారు సైకిలు మీద తిరిగి వస్తున్న ప్రధానోపాధ్యాయుల వారికి ఊరి పొలిమేరలోనే నర్సమ్మ గారి గొంతు ఎదురువచ్చింది. ఆయన బడికి చేరేసరికి సభ ముగిసి, మైకుసెట్టు కుర్రవాడు తీగలు చుట్టుకుంటున్నాడు. ఒక్క గదికి పెట్టమన్న మైకును ఊరంతటికీ పెట్టినందుకు అద్దెలో సగం కోసేస్తానని ఆయన కేకలు వేశారు. కుర్రవాడు ఏమాత్రం తొణకకుండా చేతులు కట్టుకుని అన్నాడు:

“ఊరంతా ఇన్నాది గదా మాస్టారూ, జాతర రేటే ఇప్పించండి.”