కెమికల్ సీటు: ఒక మెటీరియల్ బ్యాలెన్స్

హైదరాబాదులో ఇంజినీరింగ్ కోర్సులు రెండే రకాలు. ఒకటి సీఎస్ఈ. రెండోది 'అయ్యో, పోనీలెండి'. మొదటి రకానికి ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అంటూ ఏటా కొత్త కొమ్మలు మొలుస్తుంటాయి. రెండో రకంలో మిగతావన్నీ సర్దుకుంటాయి. అందులోనూ కెమికల్ ఇంజినీరింగ్‌ది ప్రత్యేక హోదా. సివిల్ అంటే ఇల్లు కడతాడు, మెకానికల్ అంటే బండి బాగుచేస్తాడు అని చుట్టాలు ఏదో ఒకటి ఊహించుకుంటారు. కెమికల్ అనగానే మాత్రం ఒక్క క్షణం ఆగి, "అంటే బీఎస్సీ కెమిస్ట్రీ లాంటిదా నాన్నా?" అంటారు. అవునంటే జాలి, కాదంటే ఇంకో అరగంట.

ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్ల కాలంలో ఈ డిగ్రీ గిట్టుబాటవుతుందా కాదా అన్నది ప్రతి ఇంట్లోనూ మామయ్యలే తేలుస్తున్నారు. ఇంత పెద్ద విషయాన్ని శాస్త్రం లేకుండా తేల్చడం తప్పు కాబట్టి, ఆ బాధ్యత ఈ వ్యాసం తీసుకుంటోంది. పద్ధతి ఆ చదువులోదే. కెమికల్ విద్యార్థికి మొదట్లోనే నేర్పేది మెటీరియల్ బ్యాలెన్స్: లోపలికి పోయిందాంట్లోంచి బయటికి వచ్చింది తీసేస్తే, లోపల ఎంత పేరుకుందో తెలుస్తుంది. మధ్యలో రియాక్షన్ జరిగితే లెక్క కాస్త ముదురుతుంది. ఇళ్లలో రియాక్షన్ ర్యాంకు వచ్చిన రోజే అయిపోతుంది కాబట్టి ఆ చిక్కు మనకు లేదు.

లోపలికి పోయేది ముందుగా ఫీజు. ప్రైవేటు కాలేజీలో ఏడాదికి లక్ష అనుకుందాం. పదివేల లోపు ర్యాంకైతే సర్కారు ఫీజు రీయింబర్స్‌మెంట్ మొత్తం వస్తుంది, దాటితే చాలామందికి 35 వేలు. 'వస్తుంది' అన్న క్రియ దగ్గర కొంచెం జాగ్రత్త అవసరం. పైపులో నీరు రెనాల్డ్స్ సంఖ్య 2100 దాటనంతవరకు పొరలు పొరలుగా, నింపాదిగా పారుతుందని ఫ్లూయిడ్ మెకానిక్స్ చెబుతుంది. సర్కారు ఖజానా నుంచి కాలేజీ దాకా ఉన్న పైపుకు ఆ సంఖ్య ఇంకా ఎవరూ కట్టలేదు. పైపు ఉంది, వాల్వు ఉంది, యాజమాన్యాల ఒత్తిడి కూడా ఉంది. ద్రవం రావాలంతే.

ఫీజు కంటే ముందే అయిపోయిన ఖర్చు ఇంకోటుంది. ఇంటర్ రెండేళ్ల కార్పొరేట్ కాలేజీ, దాని హాస్టలు, దాని సాంబారు. ఎలాగూ తిరిగిరాని డబ్బును లెక్కలో కలపకూడదని అర్థశాస్త్రం అంటుంది. మన నాన్నలు కలుపుతారు, వడ్డీతో సహా.

ఇక బయటికి వచ్చే దారులు. అన్నిటికంటే వెడల్పైన దారి సాఫ్ట్‌వేర్ కోచింగుల అమీర్‌పేట మీదుగా పోతుంది. ద్రవాలను మరిగించి వేరుచేసే డిస్టిలేషన్ కాలమ్‌లో ఎన్ని ట్రేలు, అంటే అంతస్తులు, కావాలో గ్రాఫు మీద మెట్లు గీసి తేల్చే ఉపాయం 1925లో మెకేబ్, థీలే అనే ఇద్దరు చెప్పారు. వందేళ్లుగా విద్యార్థులు ఆ మెట్లు గీస్తూనే ఉన్నారు. మనవాడు వాటిని గీసి, రబ్బరుతో చెరిపి, మళ్లీ గీసి పాసై, నేరుగా వెళ్లి మైత్రీవనం మెట్లెక్కుతాడు. అక్కడ పైథాన్. కంపెనీ నోటీసులో 'ఎనీ బ్రాంచ్' అని ఉంటుంది. అంటే నువ్వేం చదివావన్నది మాకు అనవసరం, చదివినట్టు కాగితం ఉంటే చాలని మర్యాదగా చెప్పడం. చేర్చుకున్నాక ఇచ్చే ప్యాకేజీ ఏళ్ల తరబడి మూడున్నర లక్షల దగ్గరే కదలకుండా నిలబడి ఉంది. స్టెడీ స్టేట్‌కు ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ టెక్స్ట్‌బుక్కులోనూ లేదు.

గేటో, కంపెనీలు సొంతంగా పెట్టే పరీక్షో రాసి ఐఓసీఎల్, హెచ్‌పీసీఎల్ లాంటి ప్రభుత్వ చమురు కంపెనీల్లో చేరడం ఇంకో దారి. దీనికోసం డిగ్రీ అయినవాణ్ని మళ్లీ కోచింగులో పెట్టాలి. బయటికొచ్చినదాన్ని తిరిగి లోపలికి పంపే ఈ ఏర్పాటును రీసైకిల్ అంటారు. రీసైకిల్ నడిచేచోట పనికిరానిది పేరుకుపోకుండా కొంత బయటికి వదులుతుండాలి, దాన్ని పర్జ్ అంటారు. మన పర్జ్ లైను డాలస్ దాకా వేశారు.

మూడో దారిలో చదివిన చదువుకు తగిన పనే ఉంటుంది. అందుకే దాని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. బొల్లారం, పాశమైలారం, జీడిమెట్లల్లోని మందుల ఫ్యాక్టరీలు. కంపెనీ బస్సు, ఏ బీ సీ షిఫ్టులు, గ్లాస్ లైన్డ్ రియాక్టర్లు, సెంట్రిఫ్యూజ్, పక్కనే బ్యాచ్ రికార్డు. ఇక్కడ చేసింది రాయాలి, రాసిందే చేయాలి. తేడా వస్తే అమెరికా ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్ వచ్చి లోపాల చిట్టా, అంటే ఫారం 483, చేతిలో పెట్టి పోతాడు. బీటెక్, ఎమ్మెస్సీ, డిప్లొమా ముగ్గురూ ఒకే షిఫ్టులో ఒకే రియాక్టర్ ముందు నిలబడతారు. సాల్వెంట్ వాసన ముగ్గురికీ ఒకటే, మొదటి జీతాల్లోనూ పెద్ద తేడా ఉండదు.

విచిత్రమేమిటంటే ఈ ఊరు సగం బతికేదే ఈ చదువు మీద. తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీకి పునాది 1944 నాటిది. బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ సోవియట్ సాయంతో వచ్చింది. అందులో కొన్నేళ్లు పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆయన పీహెచ్‌డీ కెమికల్ ఇంజినీరింగ్‌లోనే. ఇంత చరిత్ర ఉన్నా, కెమికల్‌కు భవిష్యత్తు ఉందా అని రాత్రంతా ఫోన్లో వెతికే తండ్రికి చివరికి దొరికేది ముకేశ్ అంబానీయే. ఆయన ముంబైలో కెమికల్ ఇంజినీరింగే చదివారు, అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆయన ప్లేస్‌మెంట్ సెల్ పేరు ధీరూభాయ్.

అసలు మనం లెక్క తప్పే చోటు వేరే ఉంది. ఆఫర్ లెటర్ మీదున్న అంకె టైము సున్నా దగ్గరి రీడింగ్. ఆ ఒక్క రీడింగ్ చూసి బ్యాచ్ మొత్తం పాడైందని ఏ ఆపరేటరూ అనడు, మేనత్తలంటారు. ల్యాబులో గ్రాముల్లో కుదిరిన రియాక్షన్‌ను ప్లాంటులో టన్నుల్లోకి తేవడం, అంటే స్కేలప్, ఒక్క ఏడాదిలో వచ్చే విద్య కాదు. ఫ్లాస్కులో చల్లగా ఉన్నది పెద్ద రియాక్టర్‌లో వేడెక్కిపోతుంది, ఎందుకంటే పరిమాణం పెరిగినంత వేగంగా వేడి బయటికి పోయే గోడ పెరగదు. ఈ సంగతి చేతులకు తెలిసినవాడికి పదో ఏట గిరాకీ బాగానే ఉంటుంది. అప్పటి జీతం మాత్రం ఎవరూ అడగరు. అడగాల్సిన పెద్దమ్మకు నాలుగో ఏటే ఆసక్తి పోయింది.

వెటకారం ఒక్క పేరా ఆపుతాను. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. వేడి ఎక్కడ హద్దు దాటుతుంది, పొడి ఎప్పుడు అంటుకుంటుంది, ఒత్తిడి పెరిగితే వదిలేసే రిలీఫ్ వాల్వు ఎంత పెద్దది ఉండాలి అని ముందుగా లెక్కకట్టే చదువు ఇదే. ఆ లెక్క సరిగ్గా కట్టి, దాన్ని యాజమాన్యం వింటే, ఆ రోజు ప్లాంటులో ఏమీ జరగదు. ఏమీ జరగకపోయినందుకు ఎంత ప్యాకేజీ ఇవ్వాలో ఏ హెచ్ఆర్ దగ్గరా స్లాబు లేదు.

మళ్లీ లాభనష్టాల్లోకి వద్దాం. ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పారిశ్రామిక భూములను ఇళ్లకూ ఆఫీసులకూ మార్చుకునే విధానం 2025లో వచ్చింది. దాంతో మన లెక్కకు ఒక శుభ్రమైన జవాబు దొరికింది. రియాక్టర్‌ను ముప్పయ్యేళ్లు నడిపినవాడి కంటే, దాని కింద ముప్పయ్యేళ్లు ఊరికే పడి ఉన్న నేల ఎక్కువ సంపాదించింది. దానికి గేట్ స్కోరు లేదు, నైట్ షిఫ్టు లేదు, బ్యాక్‌లాగులు అసలే లేవు.

మిగిలింది పెళ్లిచూపుల పద్దు. ప్లాంటులో చేసే అబ్బాయిని పిల్ల తండ్రి ఈ మధ్య తప్పకుండా అడిగే ప్రశ్న: "వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంటుందా బాబూ?" రెండు వేల లీటర్ల రియాక్టర్ టూబీహెచ్‌కే ఫ్లాట్‌లో పట్టదని చెప్పి సంబంధాలు పోగొట్టుకోకండి. ఉంటుందండీ అనండి. జీడిమెట్ల చుట్టుపక్కల ఇళ్లన్నీ ఫ్యాక్టరీ గోడ దాకా వచ్చేశాయి. రాత్రి పదకొండు దాటాక కిటికీ తీస్తే ఏ బ్యాచ్ నడుస్తోందో మంచం మీది నుంచే చెప్పొచ్చు.