లీల గారి గురించీ రాయండి

కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారి మీద మీరు వేసిన వ్యాసం చదివాను. ఆయన ఆస్తి పార్టీకి ఇచ్చేశారని, పేరులోంచి రెడ్డి తీసేశారని అందులో బాగా రాశారు. పెళ్లి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టేశారు. నాకది పెద్ద వెలితిగా అనిపించింది. నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూములున్న ఇంట్లో పుట్టిన మనిషి, 1943లో బొంబాయిలో పార్టీ ఆఫీసులో పనిచేసే లీల గారిని పెళ్లి చేసుకున్నారు. కులమూ వేరే, భాషా వేరే. ఉద్యమానికి అడ్డు రాకూడదని ఇద్దరూ అనుకునే పిల్లలు వద్దనుకున్నారు. ఆపరేషన్ ఆయనే చేయించుకున్నారు. మన ఊళ్లలో ఇప్పటికీ ఆ ఆపరేషన్‌కి ఆడవాళ్లనే పంపుతారు, ఆ రోజుల్లో ఒక మగవాడు ముందుకు రావడం మామూలు విషయమా? అయితే ఆ నిర్ణయంలో లీల గారు వదులుకున్నదీ తక్కువేం కాదండీ. ఆమె మీద విడిగా ఒక వ్యాసం రాయండి, తప్పకుండా చదువుతాం.