ప్యాకేజీ అంటారు, లెక్క మాత్రం చెప్పరు

కడపలో గర్భిణి ఫోటోషూట్‌కి రేటు అడిగితే ఒక్క అంకె చెప్పి ఊరుకుంటారు. గుచ్చి గుచ్చి అడిగితేనే బయటికొస్తుంది: గౌను అద్దె వేరే, మేకప్ వేరే, గండికోటకి పోతే కారు ఖర్చు వేరే. బిల్లు కావాలంటే పైన 18 శాతం జీఎస్టీ!

ఫోటోగ్రాఫర్ కష్టాన్ని ఎవరూ కాదనరు. గౌను మడతలు, మొహం మీద చెమట మెరుపు, పొట్ట మీద చారలు ఒక్కో ఫోటోలో విడివిడిగా సరిచేయాలి. రెండు గంటల షూట్‌కి రోజుల తరబడి ఎడిటింగ్ పడుతుంది. ఆ కూలి న్యాయమే. కానీ తీసిన వందల ఫోటోల్లో ఎన్ని ఎడిట్ చేసిస్తారో కాగితం మీద రాయరేం? ఇరవై చేతిలో పెట్టి, మిగతావాటికి ఫోటోకింత అంటారు. ఆల్బమ్ 12 బై 36 అంగుళాలదా, ఎన్ని షీట్లు అన్నదీ ముందే తేల్చుకోవాలి.

అన్నిటికన్నా ఒళ్లు మండేది తేదీ విషయం. పొట్ట బాగా కనబడేది, మనిషి కాస్త నిలబడగలిగేది ఏడు, ఎనిమిది నెలల్లో. సరిగ్గా ఆ రోజే బీపీ పెరిగి డాక్టరు పడుకోమంటే అడ్వాన్సు పోయినట్టేనా? ఇదేం అన్యాయం! డబ్బు అడక్కుండా తేదీ మారుస్తామని రాసివ్వనివాళ్లకు అడ్వాన్సు ఇవ్వొద్దు. మే నెల మిట్టమధ్యాహ్నం గండికోట బండల మీద నిలబెట్టేవాళ్లకైతే అసలే ఇవ్వొద్దు.