తాగుడుకు వైద్యం పల్లె దవాఖానలోనే దొరకాలి

2015లో కల్తీ కల్లు మీద ప్రభుత్వం గట్టిగా దాడులు చేసింది. ఉమ్మడి మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో కల్లు ఆగిన రెండు మూడు రోజులకే జనం వింతగా ప్రవర్తించడం మొదలైంది. చేతులు వణికాయి, నిద్ర పోయింది, ఎదురుగా లేని మనుషులతో మాట్లాడారు, ఫిట్స్ వచ్చి పడిపోయారు. ప్రభుత్వ ఆసుపత్రుల వార్డులు నిండిపోయాయి. ప్రాణాలు కూడా పోయాయి. వాళ్లు ఏళ్ల తరబడి తాగింది చెట్టు మీంచి దించిన కల్లు కాదు. డైజెపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలిపిన నీళ్లు. ఒంటికి అలవాటైన మందు ఒక్కసారిగా ఆగితే ఏమవుతుందో ఏ సైకియాట్రిస్టును అడిగినా ముందే చెప్పేవారు. దాడికి బయల్దేరే ముందు ఆ మాట అడిగే ఏర్పాటు మాత్రం లేదు. ఎనిమిదేళ్ల తర్వాత, 2023 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రికి మళ్లీ కల్తీ కల్లు బాధితులు వచ్చారు.

మత్తును ఆపడానికి మనకు ఒక శాఖ ఉంది, పోలీసులున్నారు, కేసులున్నాయి. మత్తులో చిక్కిన మనిషిని బయటికి తెచ్చే పని ఎవరిదో అడగండి. కుటుంబానిదే అనే జవాబు వస్తుంది.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మంది మద్యం తాగుతారు. పల్లెల్లో అది దాదాపు సగం. పల్లె ఆడవాళ్లలోనూ నూటికి తొమ్మిది మంది తాగుతున్నారు. వీళ్లందరూ తాగుబోతులని కాదు. చాలామంది పండక్కీ పబ్బానికీ తాగి ఊరుకునేవాళ్లే. అయితే ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో విడుదలైన జాతీయ సర్వే, దేశంలో సుమారు 5.7 కోట్ల మందికి మద్యం సమస్య నుంచి బయటపడే సాయం అవసరమని తేల్చింది. మద్యానికి బానిసైనవాళ్లలో 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకమైన చికిత్స అందుతోందని కూడా ఆ సర్వే చెప్పింది. మిగతా 37 మంది దామరచర్లలోనో, మద్దూరులోనో, అమ్రాబాద్‌లోనో తమ ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లను సముదాయించే భారం భార్యల మీద, తల్లుల మీద, పదో తరగతి చదివే పిల్లల మీద పడింది.

ఆ ఇళ్లు ఏ దారులు తొక్కుతాయో మన నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మొదట తిట్లు, ఒట్లు. తర్వాత తాయత్తు, దర్గా, గుడి. ఆ తర్వాత గోడ మీద రాసిన ప్రకటన: తాగేవాడికి తెలియకుండా అన్నంలో కలిపి పెడితే తాగుడు మానేస్తాడట. ఆ పొడిలో ఏముందో కొన్న మనిషికి తెలియదు, అమ్మినవాడు చెప్పడు. డైసల్ఫిరామ్ అనే అసలు మందు ఒకటి ఉంది. డాక్టరు పర్యవేక్షణలో, రోగికి చెప్పి మాత్రమే వాడాల్సిన మందు అది. దాన్ని తెలియకుండా పెడితే, అతను ఆ సాయంత్రం మద్యం తాగగానే వాంతులు పట్టుకుని బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఇవేవీ పనిచేయకపోతే చివరికి అప్పు చేసి ఏదో ఒక ప్రైవేటు డీ అడిక్షన్ సెంటర్‌లో చేర్పిస్తారు. అక్కడ మూడు నెలలు గదిలో పెట్టి పంపితే, ఇంటికొచ్చిన మనిషికి అవే అప్పులు, అదే బెల్టు షాపు ఎదురవుతాయి.

అయ్యప్ప మాల గురించి కూడా ఆలోచించాలి. మాల వేసుకున్న 41 రోజులూ చుక్క ముట్టని మనిషి, మాల తీసిన వారానికే మళ్లీ తాగుతూ కనిపిస్తాడు. 'వీడికి మానాలని లేదు' అని అందరం తీర్పు చెప్పేస్తాం. నాకు అందులో వేరే సంగతి కనిపిస్తుంది. ఆ 41 రోజులు అతనికి తెల్లవారుజామునే లేచి చేసే పని ఉంది. చేయి పట్టి నడిపించే గురుస్వామి ఉన్నాడు, తోటి స్వాములున్నారు. నిన్నటిదాకా ఛీ అన్న ఊరే స్వామీ అని పిలుస్తుంది. మందుకు పిలిచే దోస్తులు ఆ ఛాయలకు రారు. మాల తీసిన రోజున ఇవన్నీ ఒకేసారి పోతాయి. వ్యసన చికిత్సలో డాక్టర్లు ఫాలో అప్ అని పదే పదే చెప్పేది ఈ తోడు గురించే. అది ఏడాది పొడవునా అందాలి. (ఒక జాగ్రత్త చెప్పాలి: పొద్దున లేవగానే తాగితే తప్ప చేతుల వణుకు ఆగని స్థితిలో ఉన్నవాళ్లు మాల కోసమైనా సరే ఒక్కసారిగా మానేయకూడదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పిపోయే స్థితి రావచ్చు. ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవాలి.)

ఒకప్పుడు ఈ జిల్లాల్లో మానసిక వైద్యమంటే హైదరాబాద్ ఎర్రగడ్డే. ఇప్పుడు ఆ మాట పూర్తిగా నిజం కాదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మెడికల్ కాలేజీ అంటే సైకియాట్రీ విభాగం ఉండాల్సిందే. కాబట్టి డాక్టర్లు జిల్లా కేంద్రం దాకా వచ్చారు. అక్కడి నుంచి ఊరికి దారి ఎవరూ వేయలేదు. చందంపేట తండాల నుంచి నల్లగొండకు, నల్లమల లోపలి చెంచు పెంటల నుంచి నాగర్‌కర్నూల్‌కు రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. వణుకుతున్న మనిషిని వెంటబెట్టుకుని రావాలి. ఒకసారి ఎలాగో వస్తారు. పదిహేను రోజులకోసారి ఏడాది పాటు రమ్మంటే రారు. వ్యసనానికి ఒకసారి చూపించుకుని వదిలేసే వైద్యం లేదు. అందుకే కొత్తగా వంద పడకల డీ అడిక్షన్ భవనం కడతామని ఎవరైనా ప్రకటిస్తే నాకు పెద్దగా ఆశ కలగదు.

బీపీ, షుగర్ విషయంలో మనం ఈ చిక్కు నుంచి చాలావరకు బయటపడ్డాం. ఆశ కార్యకర్త ఇంటికొచ్చి 30 ఏళ్లు దాటినవాళ్ల వివరాలు రాసుకుంటుంది. ఏఎన్‌ఎం బీపీ చూస్తుంది. గోలీలు ఊళ్లోనే ఇస్తారు. బీపీ ఉందని చెప్పడానికి ఇప్పుడు ఎవరూ సిగ్గుపడడం లేదు. పల్లె దవాఖానల్లో మానసిక సమస్యలకు, మత్తు సమస్యలకు కూడా ప్రాథమిక సేవలు ఇవ్వాలని ఆయుష్మాన్ భారత్ విస్తరించిన సేవల జాబితాలోనే ఉంది. బీపీ చూసే చోటే 'రోజూ తాగుతున్నావా, ఎంత తాగుతున్నావు, పొద్దున్నే తాగాల్సి వస్తోందా' అని అడగడం మొదలుపెడితే సగం గోప్యత సమస్య కూడా తీరుతుంది. దవాఖానకు పోయింది బీపీ గోలీ కోసమా, మరోదానికా అన్నది ఊరికి తెలియదు.

అడిగిన తర్వాత ఏం చేయాలి? దీనికి గోవాలో మంచి రుజువు ఉంది. అక్కడి పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, తాగుడు హానికరమైన స్థాయికి చేరినా ఇంకా పూర్తిగా బానిస కాని 377 మంది మగవాళ్ల మీద అధ్యయనం చేశారు. డాక్టర్లు కాని, శిక్షణ పొందిన మామూలు కౌన్సెలర్లు వాళ్లతో నాలుగు సార్లకు మించకుండా కూర్చుని మాట్లాడారు. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, మూడు నెలల తర్వాత అడిగితే కౌన్సెలింగ్ అందినవాళ్లలో 42 శాతం మంది అంతకుముందు రెండు వారాల్లో అసలు తాగలేదు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో అది 18 శాతం. ఇది పూర్తిగా బానిసైనవాళ్లకు సరిపోయే చికిత్స కాదు. వాళ్లకు ఆసుపత్రిలో చేర్చి మందులతో మాన్పించడం తప్పదు. అయితే అంతదాకా పోకముందే పట్టుకోగలిగినవాళ్లు ప్రతి ఊళ్లోనూ చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం సైకియాట్రిస్టు ప్రతి మండలానికీ రానక్కర్లేదు.

ఇక్కడ ఆశ కార్యకర్తల తరఫున ఒక మాట చెప్పాలి. ఏ కొత్త పథకం వచ్చినా వాళ్ల నెత్తినే పెట్టడం అలవాటైపోయింది. గర్భిణుల నుంచి టీబీ దాకా అన్నీ మోస్తూ, పనిని బట్టి వచ్చే పారితోషికం మీద బతుకుతున్నారు. తాగిన మనిషి ఇంటికి సాయంత్రం ఒంటరిగా వెళ్లి మాట్లాడమని వాళ్లను అడగడం అన్యాయం. గోవాలో ఆ పని చేసింది ప్రత్యేకంగా నియమించిన కౌన్సెలర్లే. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ జీతమిచ్చి ఒకరిని పెట్టాలి. డిగ్రీ చదివి, ఆ మండలం మాట మాట్లాడే యువతీ యువకులు మనకు కరువు కాదు. పొద్దున కూలికి పోయేవాళ్లకు అందేలా వారంలో రెండు సాయంత్రాలైనా వాళ్లు కూర్చోవాలి. వారానికోసారి మెడికల్ కాలేజీ నుంచి సైకియాట్రిస్టు దేవరకొండ, అచ్చంపేట, కొడంగల్ లాంటి ఆసుపత్రులకు రావాలి. పక్కనున్న కర్ణాటక మనోచైతన్య పేరుతో మంగళవారాల్లో తాలూకా ఆసుపత్రులకు సైకియాట్రిస్టులను పంపింది. అసలు దేశంలో 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా తుంగభద్ర అవతలి బళ్లారిలోనే తయారైంది.

తాగుడును విడిగా చూడడం కూడా పొరపాటే. ముంబై, పుణెల్లో కట్టడం పనికి పోయి నడుము విరిగి తిరిగొచ్చిన పాలమూరు కూలీ, బోర్లు ఎండి అప్పులు మిగిలిన రైతు, మొగుడు ఊళ్లో లేక సంఘం లోను కిస్తీ ఒక్కతే కట్టుకునే ఆడమనిషి: వీళ్లకు ముందు రంది పట్టుకుంటుంది, నిద్ర పోతుంది, ఆ తర్వాత కొందరు మందు చేతిలోకి తీసుకుంటారు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో తెలంగాణలో దాదాపు పది వేల మంది ఆత్మహత్య చేసుకున్నారు. లక్ష జనాభాకు 26 మంది, దేశ సగటుకు రెట్టింపు పైన. కాబట్టి ఆ కౌన్సెలరు తాగేవాడితో మాట్లాడినట్టే అతని భార్యతోనూ మాట్లాడాలి. చాలా ఇళ్లలో దవాఖాన గడప మొదట తొక్కేది ఆమే. భర్తను తీసుకొస్తేనే చూస్తామని ఆమెను వెనక్కి పంపకూడదు. ఇంటి నుంచే మాట్లాడాలనుకునేవాళ్లకు 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ ఉంది. 14416కు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు ప్రతి రేషన్ షాపు గోడ మీదా కనిపించాలి.

డబ్బెక్కడిది అంటారు. రాష్ట్రంలో 2,620 మద్యం దుకాణాలున్నాయి. రెండేళ్లకోసారి వాటికి లైసెన్సులిస్తారు. 2023లో వాటి కోసం 1.3 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. దుకాణం రాకపోయినా తిరిగివ్వని ఫీజు ఒక్కో దరఖాస్తుకు రూ.2 లక్షలు. అంటే ఒక్క మద్యం సీసా అమ్మకముందే ఖజానాకు రూ.2,600 కోట్లు చేరాయి. 2025లో ఆ ఫీజును రూ.3 లక్షలు చేశారు. 2023 ఫీజులో రెండు శాతం పక్కన పెట్టినా ఏడాదికి రూ.26 కోట్లు. నెలకు రూ.20 వేల జీతంతో రాష్ట్రంలోని ఆరు వందల పైచిలుకు గ్రామీణ ఆరోగ్య కేంద్రాలన్నిటికీ కౌన్సెలర్లను పెడితే సుమారు రూ.15 కోట్లు అవుతుంది. మిగిలింది మందులకు, డాక్టర్ల ప్రయాణాలకు. కేరళలో 'విముక్తి' అనే వ్యసన నివారణ కార్యక్రమాన్ని నడుపుతున్నది ఎక్సైజ్ శాఖే. మద్యం మీద ఆదాయం తీసుకునే శాఖకు ఆ మద్యంతో చెడిన ఆరోగ్యం బాధ్యత కూడా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

దీన్ని ప్రభుత్వ దయగా అడగాల్సిన పని కూడా లేదు. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంగానే గుర్తించింది. వైద్యం కోసం రోగి దూరాలు ప్రయాణించాల్సిన అవసరం ఉండకూడదని 18వ సెక్షన్ చెబుతోంది. కనీస సేవలు జిల్లాలో లేకపోతే, ఆ జిల్లాలోనే మరోచోట చూపించుకున్న ఖర్చును ప్రభుత్వం తిరిగి చెల్లించాలని అదే సెక్షన్‌లో ఉంది. ఈ హక్కుల కోసం ఉచిత న్యాయ సాయం పొందే వీలు కూడా ఆ చట్టమే ఇచ్చింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు మహిళా సంఘాల సమావేశాల్లో ఈ సెక్షన్‌ను చదివి వినిపించి, బిల్లులు దాచుకున్న కుటుంబాల చేత దరఖాస్తులు పెట్టించాలి. ఖర్చు తిరిగివ్వమంటూ వంద దరఖాస్తులు కలెక్టర్ బల్ల మీదికి చేరితే, ఊళ్లో కౌన్సెలర్‌ను పెట్టడమే చవకని ఆర్థిక శాఖకు అర్థమవుతుంది.